తెలియదు అన్నది వేరు, లేదు అన్నది వేరు



ఈ పూట కుతర్కం అనే మాట గురించి చెప్పుకుందాం. అది పండితుల మాట, మనకెందుకులే అనుకోవద్దు. పలాస బస్టాండులో, టెక్కలి సంతలో, ఉద్దానం ఊళ్ల రచ్చబండల మీద రోజూ నలిగే సంగతే ఇది. మన శ్రీకాకుళం జిల్లాలో గత పాతికేళ్లుగా మనుషుల ప్రాణాలతో, పొలాలతో, తాగే నీళ్లతో ముడిపడిన వాదనలు ఎన్నో నడిచాయి. వాటిలో ఏది తర్కమో, ఏది కుతర్కమో తేల్చుకోలేకపోతే నష్టపోయేది పండితులు కారు, మనమే.

ముందు తర్కమంటే ఏమిటో చూద్దాం. తెలిసినదాన్ని పట్టుకుని తెలియనిదాని దగ్గరకు వెళ్లే దారి తర్కం. కొండమీద పొగ కనిపిస్తుంది. అక్కడ నిప్పు ఉందంటాం. నిప్పు మన కంటికి కనబడలేదు, పొగ మాత్రమే కనబడింది. అయినా నమ్మకంగా చెప్పగలుగుతున్నాం. ఎందుకంటే పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉండటం పొయ్యి దగ్గరా, కళ్లంలోనూ చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. పదిహేడో శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహం అనే చిన్న పుస్తకం రాశాడు. తర్కశాస్త్రం మొదలుపెట్టే విద్యార్థులు ఈనాటికీ దానితోనే ఓనమాలు దిద్దుతారు. అందులో కూడా ఈ కొండ, ఈ పొగ, ఈ నిప్పే ఉదాహరణ.

కుతర్కంలోనూ ఒక కారణం చెబుతారు. దాని నుంచి ఒక నిర్ణయం తీస్తారు. చూపులకు అంతా తర్కంలాగే ఉంటుంది. కానీ చెప్పిన కారణానికీ, తీసిన నిర్ణయానికీ మధ్య లంకె ఉండదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాడిది కుతర్కం కాదు, మొండితనం. అతడు కారణమే చెప్పడు. కుతర్కం చేసేవాడు ఓపికగా కారణాలు చెబుతాడు, ఉదాహరణలిస్తాడు, లెక్కలు కూడా చూపిస్తాడు. అందుకే మొండివాడి మాటకు మోసపోని వాళ్లు కూడా కుతర్కానికి మోసపోతారు.

మన న్యాయశాస్త్రం, అంటే తర్కశాస్త్రం, దీన్ని చాలా లోతుగా పట్టించుకుంది. గౌతముడి న్యాయసూత్రాలలో తెలుసుకోవలసిన విషయాలు పదహారని చెప్పారు. వాటిలో వాదం, జల్పం, వితండ, హేత్వాభాసం, ఛలం, జాతి, నిగ్రహస్థానం అనే ఏడూ చర్చకు, చర్చలో దొర్లే తప్పులకు, ఓటమికి సంబంధించినవే. నిజం తేలాలని ఇద్దరూ మనసారా కోరుకుని చేసేది వాదం. గెలుపు కోసం చేసేది జల్పం. తనదంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా, ఎదుటివాడి మాటను పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే అది వితండ. ఒక మాటను చెప్పినవాడి ఉద్దేశంలో కాకుండా వేరే అర్థంలో తీసుకుని మెలిక వేస్తే ఛలం. ఇక హేత్వాభాసం అంటే హేతువులా కనిపించేదే గానీ హేతువు కానిది.

పలాసలో జీడిపప్పు వ్యాపారం తెలిసినవాళ్లకు హేత్వాభాసం సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. బస్తాలో జీడిపిక్కలు పైకి ఒక్కలాగే నిగనిగలాడుతుంటాయి. పైతొక్క చూసి ఎవరూ ధర కట్టరు. గుప్పెడు పిక్కలు తీసి, కోసి, లోపల పప్పు ఉందో పుచ్చిందో చూసి అప్పుడు బేరమాడతారు. ఎవరైనా మనకు ఒక కారణం చెప్పినప్పుడు చేయవలసింది ఇదే.

ఇప్పుడు ఉద్దానం దగ్గరకు వద్దాం. ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందని పెద్దలు చెబుతారు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా ఉండే తీరం ఇది. ఈ పచ్చటి నేల మీద రైతులను, కూలీలను, మత్స్యకారులను కిడ్నీ జబ్బు పట్టి పీడిస్తోంది. 2000వ సంవత్సరానికి అటూ ఇటూగా విశాఖపట్నం వైద్యులు ఈ సంగతి గుర్తించడం మొదలుపెట్టారు. కొన్నేళ్ల కిందట ఉద్దానంలో రెండు వేల మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించిన ఒక అధ్యయనంలో, సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేలింది. మామూలుగా కిడ్నీలు పాడవడానికి చెప్పే షుగరు గానీ, ఏళ్ల తరబడి ఉన్న బీపీ గానీ వారిలో ఎక్కువమందికి లేవు.

మరి కారణం ఏమిటి? తాగే నీటిలోని సిలికా, భార లోహాలు, తోటల్లో కొట్టే పురుగుమందులు, మండుటెండలో చెమటోడ్చే పని, ఒంట్లో నీరు తగ్గిపోవడం, ఒళ్లునొప్పులకు వేసుకునే మాత్రలు, వంశపారంపర్యంగా వచ్చే లక్షణాలు. శాస్త్రవేత్తలు వీటన్నిటినీ అనుమానించి వెతుకుతున్నారు. ఇదొక్కటే కారణమని ఇంతవరకూ తేలలేదు. శ్రీలంకలో అనురాధపురం ప్రాంతపు వరి రైతులకూ, మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు కూలీలకూ ఇలాంటి జబ్బే వస్తోంది. అక్కడా కారణం పూర్తిగా తేలలేదు.

కారణం ఇంకా తెలియదు అని శాస్త్రవేత్త అంటే అది నిజాయితీ. ఆ మాటకు మనం దండం పెట్టాలి. తెలియనిదాన్ని తెలుసునని చెప్పనందుకే అతడి మాట మీద మనకు నమ్మకం. కానీ అదే మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి వెళ్లేసరికి దాని నడక మారుతుంది. మొదట కారణం తెలియదు అంటారు. తర్వాత, కారణం తెలియదు కాబట్టి ఫలానాదాని వల్ల జబ్బు వస్తోందని ఎవరూ అనడానికి వీల్లేదు అంటారు. ఆ తర్వాత, ఎవరూ అనలేరు కాబట్టి ఫలానాదాని వల్ల హాని లేదు అంటారు. ఆఖరున, హాని లేదు కాబట్టి చేయవలసిందీ ఏమీ లేదు అంటారు. నాలుగు మెట్లు. మొదటి మెట్టు నిజం. ఆఖరి మెట్టు మనిషి ప్రాణం తీసే అబద్ధం. మధ్యలో ఎక్కడా పెద్ద గెంతు కనబడదు. కుతర్కం నడిచే తీరు ఇదే.

తెలియదు అన్నది మన జ్ఞానం గురించిన మాట. లేదు అన్నది లోకం గురించిన మాట. మన జ్ఞానానికి హద్దు ఉందంటే లోకంలో ఆ వస్తువు లేదని అర్థం కాదు. పొగ కనబడనంత మాత్రాన నిప్పు లేదనలేం. నివురు కింద నిప్పుకు పొగ ఉండదు. ఈ ఒక్క తేడా గుండెలో పెట్టుకుంటే సగం కుతర్కాలు మన దగ్గరకు రాలేవు.

కారణం పూర్తిగా తేలకుండా ఏమీ చేయలేమా? చేయగలం. లోకం అలా చేసి ప్రాణాలు కాపాడుకున్న సందర్భాలున్నాయి. 1854లో లండన్ నగరంలో సోహో అనే పేటను కలరా ఊడ్చేసింది. అప్పటికి కలరా క్రిమి సంగతి వైద్యలోకం ఎరగదు. చెడుగాలి వల్ల వస్తుందని పెద్దపెద్ద వైద్యులే నమ్మేవారు. జాన్ స్నో అనే వైద్యుడు వీధి వీధీ తిరిగి, చనిపోయినవాళ్లు ఏ నీళ్లు తాగారో ఆరా తీశాడు. ఎక్కువమంది బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్లు తాగినవాళ్లే. ఆ పంపు పిడిని తీయించాడు. కలరా క్రిమిని రాబర్ట్ కాక్ గుర్తించి ప్రపంచానికి చాటింది దాదాపు ముప్పయ్యేళ్ల తర్వాత. క్రిమి దొరికేదాకా పంపు పిడి తీయకూడదని ఎవరైనా వాదిస్తే, అది శాస్త్రం పేరు పెట్టుకున్న కుతర్కమే అయి ఉండేది. నికరాగువా చెరకు తోటల్లో కూడా మూలకారణం తేలేదాకా ఆగకుండా, కూలీలకు నీడ, నీరు, విశ్రాంతి ఇచ్చే పద్ధతులు పెట్టడం మొదలైంది.

దీనికి పూర్తి ఎదురు కథ కూడా ఉంది. సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సరుకూ సంబంధం ఉందని 1950లో డోల్, హిల్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు చూపించారు. 1953 డిసెంబరులో అమెరికా సిగరెట్టు కంపెనీల అధిపతులు న్యూయార్కులో సమావేశమయ్యారు. సిగరెట్టు మంచిదని రుజువు చేయడం కుదరని పని. అందుకని వాళ్లు ఎంచుకున్న దారి వేరు. ఇంకా రుజువు కాలేదు, ఇంకా పరిశోధన జరగాలి అని ఏళ్ల తరబడి చెబుతూ పోయారు. ఆ ఒక్క వాక్యాన్నే ప్రయోగశాలలో ఉన్నవాడు అంటే వినయం. తన సరుకు అమ్ముడుపోవడానికి కంపెనీ అంటే కుతర్కం. ఆ వాక్యాన్ని దేనికోసం వాడుతున్నారో చూడకుండా కుతర్కాన్ని పట్టుకోలేం.

మన దగ్గర చేసిన పనులూ ఉన్నాయి. 2017 నాటికి ఉద్దానం ఊళ్లలో నీటి శుద్ధి కేంద్రాలు రావడం మొదలైంది. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని పైపుల ద్వారా తెచ్చే సుమారు 700 కోట్ల రూపాయల పథకాన్నీ, పలాసలో 200 పడకల ఆస్పత్రితో కూడిన కిడ్నీ పరిశోధన కేంద్రాన్నీ 2023 డిసెంబరులో ప్రారంభించారు. నీరే కారణమని తేలకముందే మంచినీళ్లు ఇవ్వడం సరైన పని. శుద్ధమైన నీరు ఏ విధంగా చూసినా మనిషికి కావలసిందే.

అయితే ఇక్కడ మనం ఇంకో రెండు కుతర్కాల నుంచి జాగ్రత్తపడాలి. ఒకటి, నీళ్లొచ్చాయి కాబట్టి ఇక జబ్బు పోయినట్టే అనడం. రెండోది, నీళ్లొచ్చి రెండేళ్లయినా జబ్బు తగ్గలేదు కాబట్టి నీళ్ల వల్ల లాభం లేదనడం. రెండూ ఒకే తప్పు మీద నిలబడ్డాయి. కిడ్నీ జబ్బు ఒంట్లో ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ముదురుతుంది. ఇవాళ డయాలసిస్ మంచం మీద ఉన్నవాడి జబ్బు ఎప్పుడో మొదలైంది. ఇవాళ చేసిన మంచి ఫలితం ఇవాళే కనబడదు. పైగా నీరు అనేక కారణాలలో ఒకటై ఉండవచ్చు. ఒక కారణాన్ని తీసేస్తే జబ్బు కొంత తగ్గవచ్చు, పూర్తిగా పోకపోవచ్చు. ఒక మంచి పనికి మితిమీరిన గొప్ప అంటగట్టడమూ, ఆ గొప్ప నిజం కాలేదని పనినే తీసిపారేయడమూ మనల్ని దారి తప్పించేవే.

ఉద్దానంలో తరచుగా వినిపించే మరో మాట ఉంది. మా తాత ఈ నూతి నీళ్లే తాగి తొంభై ఏళ్లు బతికీసినాడు, నీళ్లలో ఏటుంది బాబూ అంటారు. ఈ వాదనలోని దోషానికి న్యాయశాస్త్రంలో సవ్యభిచారం అని పేరు. అంటే చెప్పిన కారణం, తీసిన నిర్ణయాన్ని వదిలేసి ఇంకోచోట కూడా తిరుగుతుందన్నమాట. ఆ నీళ్లు తాగి తొంభై ఏళ్లు బతికినవాళ్లూ ఉన్నారు, నలభై ఏళ్లకే పోయినవాళ్లూ ఉన్నారు. నీళ్లు తాగడం అన్న ఒక్క కారణం ఇద్దరి దగ్గరా ఉన్నప్పుడు, తాత ఆయుష్షు చూపించి నీళ్లు మంచివనలేం. పొరుగింటి కొడుకు చావు చూపించి నీళ్లే చంపాయనీ అనలేం. వెయ్యిమందిని చూడాలి. తాగినవాళ్లను, తాగనివాళ్లను పోల్చాలి. అప్పుడే ఏదైనా తేలుతుంది. కాకి వాలడం, తాటిపండు పడటం ఒక్కసారే జరిగితే కాకి బరువుకే పండు పడిందనుకోవడాన్ని మనవాళ్లు కాకతాళీయం అన్నారు. ఒక్కసారి చూసి కారణం కట్టేసే తొందరపాటు మనిషికి సహజమని ఆ పేరు పెట్టినవాళ్లకు తెలుసు.

మరో మాట ఇంకా బాధపెడుతుంది. ఆస్పత్రికి వెళ్లినవాళ్లెవరూ బతకలేదు, కాబట్టి ఆస్పత్రే చంపుతోంది అంటారు. ఇందులో క్రమం తలకిందులైంది. ఈ జబ్బు మొదట్లో నొప్పి ఉండదు, వాపు ఉండదు. ఒంట్లో సత్తువ తగ్గి, ఆకలి చచ్చి, వాంతులు మొదలయ్యేసరికి కిడ్నీలు చాలావరకు పాడైపోయి ఉంటాయి. అప్పుడు ఆస్పత్రికి వెళతారు. ఆస్పత్రి వల్ల పోలేదు, పోయే స్థితిలో ఆస్పత్రికి చేరారు. ముందుగా వెళ్లి రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని, మందులతో, ఆహార నియమాలతో ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్నవాళ్లు మన కళ్లకు ఆనరు. వాళ్లు పొలం పనిలో ఉంటారు కాబట్టి లెక్కలోకి రారు.

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఒకటుంది. భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు ఆస్పత్రే చంపిందని ఏడిస్తే, దాన్ని కుతర్కం అనకూడదు. ఆ మాటలో దోషం ఉంది గానీ మోసం లేదు. దుఃఖంలో, భయంలో మనిషి లంకె తప్పి ఆలోచిస్తాడు. అది పొరపాటు. పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, నెమ్మదిగా చెప్పాలి. కానీ అదే ఇల్లాలి భయాన్ని పట్టుకుని, చూశావా అమ్మా, ఆస్పత్రికి వెళితే ఇంతే, నా పసరు మందు తీసుకుంటే కిడ్నీ మళ్లీ పుడుతుంది అని వేలకు వేలు లాగేవాడు చేసేది అసలైన కుతర్కం. దోషం ఇద్దరి వాదనలోనూ ఒకటే. ఒకచోట నమ్మి అంటున్నారు, మరోచోట నమ్మించడానికి అంటున్నారు. ఈ తేడా చూడకుండా మాట విసిరితే కుతర్కం అనే మాటే పేదవాడి మీద కర్ర అవుతుంది.

ఇక ఛలం సంగతి. మాట అర్థం మార్చి మెలిక వేయడం. దీనికి పాత పుస్తకాల్లో ఒక ఉదాహరణ ఉంది. నవకంబళం కప్పుకున్నాడు అంటే కొత్త కంబళి కప్పుకున్నాడని అర్థం. నవ అంటే తొమ్మిది అని కూడా అర్థం ఉంది కాబట్టి, ఒక్కటే కదా ఉంది, తొమ్మిదేవి అని నిలదీస్తాడు ఛలవాది. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. కానీ ఇదే ఆట మన జిల్లాలో వందల ఎకరాల మీద ఆడారు.

సోంపేట వాళ్లు బీల అంటారు. కాకరాపల్లి వాళ్లు తంపర అంటారు. ఏడాదిలో చాలా నెలలు నీళ్లు నిలిచి ఉండే చిత్తడి నేలలు అవి. చేపలు పట్టుకుంటారు, పశువులు మేపుకుంటారు, వాటి నీటి మీద వరి పండిస్తారు. చుట్టుపక్కల నూతుల్లో ఊట నిలిచేది వాటివల్లే. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా వచ్చే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మేతకు వెళ్లేది ఆ తంపరల మీదకే. ఈ నేలల్లో సొంత పట్టా లేదు, దున్ని నాట్లు వేసే పొలం కాదు. కాబట్టి ప్రభుత్వ కాగితాల్లో వీటిని పనికిరాని భూమి కింద రాసుకున్నారు. పనికిరాని అంటే కాగితంలో ఉన్న అర్థం, శిస్తు కట్టే సాగుకు పనికిరాదని. థర్మల్ విద్యుత్ కేంద్రాల కోసం ఆ భూములు అడిగినప్పుడు ఆ మాట అర్థం మెల్లగా జరిగింది. పనికిరాని భూమి అంటే ఎవరికీ, దేనికీ పనికిరాని భూమి అయింది. ఎవరికీ పనికిరాదు కాబట్టి తీసుకుంటే ఎవరికీ నష్టం లేదు అయింది. మొదట్లో ఉన్న పనికిరాదు వేరు, ఆఖర్లో ఉన్న పనికిరాదు వేరు. మాట ఒకటే. మధ్యలో వేలమంది జీవనం మాయమైంది.

2008లో బీలలో దాదాపు 970 ఎకరాలను ప్రభుత్వం ఒక ఉత్తర్వు ద్వారా విద్యుత్ ప్రాజెక్టుకు కేటాయించింది. రైతులూ మత్స్యకారులూ కాదన్నారు. 2010 జులై 14న సోంపేటలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లోనే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడి నేల అన్న వాస్తవం అక్కడ బయటపడింది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి దగ్గరా కాల్పులు జరిగాయి, అక్కడా ప్రాణాలు పోయాయి. వెంటనే కేంద్ర పర్యావరణ శాఖ పనులు ఆపమని ఆదేశించింది. 2015లో రాష్ట్ర ప్రభుత్వం సోంపేట భూముల కేటాయింపును వెనక్కి తీసుకుంది. ఒక మాట అర్థాన్ని సరిగా చదవడానికి మన జిల్లా అంత మూల్యం చెల్లించింది. ఆ మాటను మొదటే విప్పి చూడవలసినవాళ్లు చూసి ఉంటే ఆ ప్రాణాలు నిలిచేవి.

ఆ రోజుల్లో ఇంకో వాదన కూడా గట్టిగా వినిపించింది. కరెంటు కావాలా వద్దా? కావాలి. మరైతే ప్లాంటు ఎందుకు వద్దంటారు? ఈ ప్రశ్నలో కరెంటు కావాలి అన్న మాటకు అందరూ తలూపుతారు. తలూపిన మరుక్షణం, ఇక్కడే, ఈ బీలలోనే, ఈ పద్ధతిలోనే కావాలన్నదానికి కూడా తలూపినట్టు లెక్క కట్టేస్తారు. కరెంటు అవసరం ఎంత నిజమైనా, ఏ చోట అన్న ప్రశ్నకు అది జవాబు కాదు. మందు కావాలి అన్నవాడి నోట్లో ఏ మందైనా పోయవచ్చా? ఇలాంటి ప్రశ్న ఎదురైనప్పుడు అవునో కాదో చెప్పమని ఎంత ఒత్తిడి చేసినా, ముందు ప్రశ్నను రెండుగా విడగొట్టాలి. మొదటిదానికి అవును, రెండోదానికి కారణం చూపించండి అనాలి. అలా అనే హక్కు మనకుంది.

ఇప్పుడు ఈ మాటల దుర్వినియోగం గురించి చెప్పాలి. ప్రజాభిప్రాయ సేకరణ సభలో ఒక రైతు లేచి, ఏడాదిలో చాలా నెలలు నీళ్లుండే చోటు పనికిరాని భూమి ఎలాగయిందండీ అని అడుగుతాడు. వేదిక మీద నుంచి, వితండవాదం చేయొద్దు, కూర్చో అని జవాబు వస్తుంది. మన ఇళ్లలోనూ ఇదే. కూతురు ఎందుకని అడిగితే వితండవాదం అంటాం. కానీ వితండ అంటే ప్రశ్న అడగడం కాదు. తన పక్షం ఏమిటో చెప్పకుండా ఎదుటి పక్షాన్ని కూల్చడమే. ఆ రైతుకు పక్షం ఉంది. ఇది చిత్తడి నేల, దీనిమీద మేం బతుకుతున్నాం అన్నది అతడి పక్షం. రుజువు కోసం చేపల బుట్ట, వరి కుప్ప చూపించగలడు. నిజానికి తన వాదనకు ఆధారం చూపకుండా, అడిగినవాడి నోరు మూయించినవాడే వితండకు దగ్గరగా ఉన్నాడు.

ఇలాంటి గతి వితండ అనే మన మాటకు మాత్రమే పట్టలేదు. రెండున్నర వేల ఏళ్ల కిందట గ్రీసు దేశంలో సోఫిస్టులని పేరున్న గురువులు డబ్బు తీసుకుని వాదనా కళ నేర్పేవారు. ఆ పేరుకు మొదట జ్ఞాని అని అర్థం. గెలుపు కోసం నిజాన్ని అటూ ఇటూ తిప్పుతారన్న అపకీర్తి వచ్చి, చివరికి ఆ పేరు మోసపు వాదనకు గుర్తుగా మిగిలిపోయింది. అరిస్టాటిల్ అలాంటి వాదనల మీదే ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. మన దగ్గర కూడా తర్కం చేయకు అంటే ఎదురు చెప్పకు అనే అర్థం స్థిరపడింది. మంచి మాటకు చెడ్డ పేరు వస్తే లాభపడేది కుతర్కులే. ఎందుకంటే వాళ్లు భయపడేది తర్కానికే.

అలాగని అడ్డంగా మాట్లాడటాన్ని పూర్తిగా తిరస్కరించలేదు మన శాస్త్రం. మొలకలను కాపాడటానికి ముళ్లకంప నాటినట్టు, నిజాన్ని కాపాడుకోవడానికి జల్పాన్నీ వితండనీ కూడా వాడుకోవచ్చని న్యాయసూత్రాలు ఒప్పుకున్నాయి. అయితే కంప చేను కోసం. చేనంతా కంపే నాటితే పంట ఉండదు. మన పక్షాన ఉన్న ఉద్యమకారులూ ఇది మరువకూడదు. మంచి లక్ష్యం కోసమైనా తేలని సంగతిని తేలిందని చెబితే, రేపు నిజంగా తేలినప్పుడు మన మాట నమ్మేవాళ్లుండరు. ఫలానా మందు వల్లే, ఫలానా నీటి వల్లే జబ్బు అని నినాదంగా అరిచే బదులు, ఫలానాదాని మీద అనుమానం బలంగా ఉంది, పరీక్షించండి, ఫలితాలు మా ఊళ్లో మా భాషలో చెప్పండి, ఈలోగా ఈ జాగ్రత్తలు తీసుకోండి అని అడగడమే బలమైన మాట. దాన్ని ఎవరూ పడగొట్టలేరు.

కాబట్టి శ్రోతలారా, ఎవరు ఏ వాదన తెచ్చినా మూడు ప్రశ్నలు వేసుకుందాం. చెప్పిన కారణం నిజమేనా? ఆ కారణం ఉన్నచోటల్లా ఆ ఫలితం ఉందా, లేక మనకు చూపించిన ఒక్కచోటే ఉందా? మొదట ఏ అర్థంలో మాట వాడారో చివరిదాకా అదే అర్థంలో వాడారా? చెప్పేవాడికి లాభం ఉందో లేదో కూడా చూడవచ్చు. కానీ లాభం ఉన్నంత మాత్రాన మాట అబద్ధం కాదు, లాభం లేనంత మాత్రాన నిజమూ కాదు. లాభం కనబడితే ఆ మూడు ప్రశ్నలూ మరింత గట్టిగా అడగాలి, అంతే.

ఉద్దానంలో ఉన్నవాళ్లకు ఇంకొక్క మాట. కారణం తేలలేదు. అయినా చేయగలిగింది ఉంది. ఏ బాధా లేకపోయినా క్రియాటినిన్ పరీక్ష, మూత్ర పరీక్ష చేయించుకోండి. డాక్టరు చెప్పకుండా దుకాణంలో నొప్పి మాత్రలు కొని మింగకండి. అవి కిడ్నీకి చెరుపు చేస్తాయన్నది తేలిన సంగతే. ఎండలో పనిచేసేటప్పుడు మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి, నీడలో కాసేపు ఆగండి. బీపీ, షుగరు ఉంటే అదుపులో పెట్టుకోండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎంత నీరు తాగాలో, ఏం తినాలో డాక్టరునే అడగండి.

గ్రామసభలో, ఆస్పత్రిలో, ఆఫీసులో ఎవరైనా కారణం తెలియదు కాబట్టి అంటూ మొదలుపెడితే, ఆ కాబట్టి దగ్గర ఆపండి. కారణం తెలియదు అన్నది ఒప్పుకుంటాం, ఆ తర్వాత మాట ఎలా వచ్చిందో చెప్పండి అని మర్యాదగా అడగండి. మగవాళ్లయితే అయ్యా అని, ఆడవాళ్లయితే అమ్మా అని పిలిచి అడగండి. అడగడం మాత్రం మానకండి. వితండవాదం అంటే, కాదండీ, మా పక్షం ఇది అని చెప్పి మళ్లీ అడగండి. మన ప్రాణాల మీద, మన నేల మీద తీసుకునే ప్రతి నిర్ణయానికీ నిలబడే కారణం చూపించవలసిన బాధ్యత నిర్ణయం తీసుకున్నవాళ్లది. ఆ కారణం అడిగి తెలుసుకునే బాధ్యత మనది.